పోయిన మంగళవారం, పన్నెండేళ్ల కిందట

నాగరికత అంటే ఏమిటో తేల్చే పని ఇన్నాళ్లూ పండితులకు వదిలేశాం. వాళ్ల వల్ల కాలేదు. చివరికి ఆ పుణ్యం మా రహదారి మర్యాదల సంస్థ కట్టుకుంది. ఆ సంస్థ నిర్వచనం ప్రకారం నాగరికత అంటే పక్కవాడి తప్పును ముప్పై సెకండ్ల వీడియోగా తీసి పై అధికారికి పంపగలగడం.

అంతకు ముందు మనం ఎంత అనాగరికంగా బతికామో తలుచుకుంటే సిగ్గేస్తుంది. రోడ్డు మీద ఎవడైనా అడ్డంగా దూసుకొస్తే కారు అద్దం దించి, వాడి ఏడు తరాలనూ పేరు పేరునా పలకరించి, మళ్లీ అద్దం ఎత్తేసేవాళ్లం. గొంతు నొప్పి తప్ప మిగిలేదేమీ ఉండేది కాదు. ఇప్పుడలా కాదు. కారు ముందద్దానికి అరచేతిలో పట్టేంత కెమెరా అతికించుకుంటాం. ఎవడైనా తప్పు చేశాడా, నోరు మెదపకుండా చిరునవ్వు నవ్వి, సాయంత్రం ఇంటికెళ్లి యాప్‌లో ఎక్కిస్తాం. ఈ పథకం పేరు ‘రహదారి సాక్షి’. పది వీడియోలు ఆమోదం పొందితే మనిషి ‘సాక్షి’ అవుతాడు. యాభై దాటితే ‘ఉత్తమ సాక్షి’. రెండు వందలు దాటితే ‘మహాసాక్షి’ అని వెనకద్దానికి అతికించుకునే పెద్ద స్టిక్కరు ఇస్తారు. (అది అతికిస్తే వెనక వచ్చే బండి కనబడదు. అయినా మహాసాక్షికి వెనక్కి చూసే అవసరం ఏముంటుంది?)

నేను ఉత్తమ సాక్షిని. గొప్ప కోసం చెప్పడం లేదు, లెక్క కోసం చెబుతున్నాను. పంతొమ్మిదేళ్లుగా డ్రైవింగ్ స్కూలు నడుపుతున్నాను. మా కారులో రెండు బ్రేకులుంటాయి: ఒకటి నేర్చుకునేవాళ్ల కాలి కింద, ఒకటి నా కాలి కింద. నెత్తి మీద ఎర్రటి ‘L’ అక్షరం ఉంటుంది. ఆ అక్షరం కనబడితే చాలు, వెనకున్నవాడికి పూనకం వస్తుంది. హారన్ మీద చెయ్యి తియ్యడు. తాను తల్లి కడుపులోంచే లైసెన్సుతో ఊడిపడ్డట్టు పక్కనుంచి తిట్టుకుంటూ పోతాడు. పంతొమ్మిదేళ్లు పడ్డాను. అందుకే పథకం రాగానే కసి తీరా పంపాను. అరవై ఒక్క వీడియోలు పంపితే అరవై ఒకటీ ఆమోదించారు.

‘‘మీరు రోడ్డు చూసి నడుపుతున్నారా, తప్పులు చూసి నడుపుతున్నారా?’’ అని మా ఆవిడ ఒకసారి అడిగింది. ఆవిడకు పరిపాలనా విషయాలు తెలియవు.

అయితే ఏ మహత్కార్యంలోనైనా ఒక చిన్న మెలిక ఉంటుంది. ఊళ్లో అందరం కొన్నది ఒకే చవక రకం కెమెరా. దాని డబ్బాలో ఒక చిన్న పుస్తకం ఉంటుంది, అక్షరాలు చీమ తలకాయంత. ఆరో పేజీలో ‘వాడుటకు ముందు తేదీ సరిచేసుకొనవలెను’ అని ఉందట. ఆరో పేజీ దాకా చదివిన మనిషిని నేనింతవరకు కలవలేదు. సరిచెయ్యకపోతే ఆ కెమెరా తాను పుట్టిన రోజే ఇంకా నడుస్తోందనుకుంటుంది. అంటే పన్నెండేళ్ల కిందటి జనవరి ఒకటో తేదీ, అర్ధరాత్రి పన్నెండు గంటలు. ఒకవేళ ఏ మహానుభావుడో సరిచేసినా, కారు బ్యాటరీ తీగ ఒక్కసారి ఊడితే మళ్లీ మొదటికొస్తుంది. మా స్కూలు కారు బ్యాటరీ వారానికి రెండుసార్లు ఊడుతుంది.

దీనివల్ల జరిగిందేమిటంటే, పోయిన ఏడాది సంస్థకు అందిన నలభై మూడు వేల వీడియోల్లో నలభై ఒక్క వేలు ఒకే రోజువి. సంస్థలో గణాంకాల అధికారి అని ఒకాయన ఉన్నారు. అంకెలంటే ప్రాణం పెడతారు, కిటికీ అంటే గిట్టదు. ఆయన ఆ అంకెలన్నీ కూడి, భాగించి, నూట పది పేజీల నివేదిక రాశారు. పన్నెండేళ్ల కిందటి ఆ జనవరి ఒకటో తేదీ మన రహదారుల చరిత్రలోకెల్లా ఘోరమైన రోజనీ, ఆ రోజు ఊళ్లో ఉన్న పదకొండు వేల బండ్లూ తలా దాదాపు నాలుగు తప్పుల చొప్పున చేశాయనీ, ఆ తర్వాత సంస్థ కృషి వల్ల జనంలో క్రమశిక్షణ నూటికి తొంభై అయిదు పాళ్లు పెరిగిందనీ తేల్చారు. ఆయనకు శాలువా కప్పారు. ఆ సభకు నేనూ వెళ్లాను, అందరితోపాటు చప్పట్లు కొట్టాను, బయటికొచ్చి కడుపుబ్బ నవ్వుకున్నాను. తన దాకా వస్తే గానీ తెలియదంటారు. నా దాకా పోయిన నెల వచ్చింది.

మా అక్క నాకంటే ఆరేళ్లు పెద్దది. ల్యాబులో పని. పొద్దున్న ఆరింటికి స్కూటరెక్కిందంటే పదింటిలోపు ఇరవై ఇళ్లు తిరిగి, ఇరవై మంది చేతుల్లో నరాలు వెతికి, నెత్తురు తీసి, గొట్టాలకు పేర్లు అంటించి, చల్లపెట్టెలో సర్ది ల్యాబుకు చేర్చాలి. ఆలస్యమైతే నెత్తురు పనికిరాదు, మళ్లీ వెళ్లి గుచ్చాలి. అక్క సూది పొడిస్తే చీమ కుట్టినంత కూడా ఉండదని పేరు. ముసలివాళ్లు ఆవిడ వస్తేనే చెయ్యి చాపుతారు. నాకు మొదట స్కూటరు నేర్పింది కూడా అక్కే. నేను స్కూలు బోర్డు పెట్టుకున్న రోజు ‘‘వీడు నా శిష్యుడు’’ అని వీధంతా చెప్పుకుంది.

ఆ మంగళవారం ఎనిమిదీ నలభైకి మా స్కూలు కారు నీళ్లట్యాంకు మలుపు దగ్గరికొచ్చింది. స్టీరింగ్ దగ్గర అరవై ఒక్కేళ్ల రిటైరైన లెక్కల టీచరుగారు. పక్కన నేను. ఆ మలుపు వన్ వే. ఎదురుగా రాకూడని వైపు నుంచి ఒక తెల్ల కారు రివ్వున వచ్చింది, మా ముందు వెళ్తున్న బూడిదరంగు స్కూటర్ని తగిలింది. స్కూటరు ఒక పక్కకూ, దాని మీదున్న మనిషి ఒక పక్కకూ పడ్డారు. టీచరుగారు బ్రేకు వేశారు, నేనూ వేశాను. మా వెనక పది బండ్లు ఆగాయి. తెల్ల కారూ ఆగింది. మొత్తం పన్నెండు కార్లు, పన్నెండు కెమెరాలు, పన్నెండు ఎర్ర దీపాలు.

ఎవరూ దిగలేదు. ఇందులో ఆశ్చర్యపోవాల్సిందేమీ లేదు. నిబంధన తొమ్మిది (గ) ప్రకారం ‘సాక్షి సంఘటనా స్థలంలో వాహనము దిగరాదు. సాక్ష్యములో సాక్షి కనబడినచో ఆ సాక్ష్యము చెల్లదు.’ (పథకం మొదట్లో కొందరు దిగి, తప్పు చేసినవాణ్ని రెండు తగిలించి, ఆ వీడియో కూడా తామే పంపేవారు. అందుకే ఈ నిబంధన.) కాబట్టి అందరం పద్ధతిగా కూర్చున్నాం. కాసేపటికి సైకిలు మీద వెళ్తున్న తాళాలు బాగుచేసే ఆయన ఒకడు ఆగాడు. పాపం ఆయనకు కెమెరా లేదు, కాబట్టి నిబంధనా వర్తించదు. సైకిలు గోడకానించి వచ్చి, స్కూటర్ని లేవదీసి, ఆ మనిషిని చంకల కింద చేతులు వేసి ఫుట్‌పాత్ మీద కూర్చోబెట్టి, హెల్మెటు తీశాడు.

మా అక్క.

అప్పుడు నేను దిగాను. ఎలా దిగానో, ఎలా పరిగెత్తానో గుర్తులేదు. ఎడం చెయ్యి మణికట్టు దగ్గర వంకరపోయింది. చల్లపెట్టె పగిలి ఏడుగురి నెత్తురు రోడ్డు మీద పోయింది. (ఆవిడది ఈ లెక్కలో లేదు.) ‘‘వచ్చావురా? నువ్వెలా వచ్చావురా ఇక్కడికి?’’ అంది. ‘‘చూసిన వెంటనే వచ్చానక్కా’’ అన్నాను. (ఇందులో అబద్ధమేమీ లేదు. ముఖం చూసిన వెంటనే వచ్చాను.)

చేతికి కట్టు వేశారు, ఆరు వారాలన్నారు. తెల్లకారు అబ్బాయి సంగతి తేల్చకుండా వదలనని ఆస్పత్రి వరండాలో బావ ముందు శపథం చేశాను. బావ తల ఊపాడు. ఆయన ఎవరి శపథానికైనా అలాగే ఊపుతాడు. ఆ సాయంత్రమే నా వీడియోలోంచి ముప్పై సెకండ్లు కత్తిరించాను. కారు ఎదురు రావడం, తగలడం, పడటం, నెంబరు ప్లేటు, అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి. పంపేశాను.

నాకంటే ముందు తెల్లకారు అబ్బాయి పంపాడు. వాడిది ఖరీదైన కెమెరా. తేదీ, గంట, నిమిషం, అక్షాంశం, రేఖాంశం అన్నీ తుచ తప్పకుండా పడతాయి. తప్పెవరిదో తెలిసే ముక్క వదిలేసి, ఆ తర్వాతి ముప్పై సెకండ్లు పంపాడు. అందులో కనబడేది ఒక్కటే: నడిరోడ్డు మీద ఒక ఆడమనిషి పడి ఉంది. మూడో రోజు అక్కకు నోటీసు వచ్చింది.

‘తమరు నీళ్లట్యాంకు మలుపు వద్ద, పని వేళలలో, రహదారికి అడ్డముగా పరుండి పన్నెండు వాహనముల రాకపోకలకు అంతరాయము కలిగించినట్లు సాక్ష్యము లభించినది. విచారణ ముగియువరకు తమ లైసెన్సు నిలుపుదల చేయడమైనది.’

అక్క రెండుసార్లు చదివింది. ‘‘పడిపోయానురా నేను. పరుండటమేంటి?’’

‘‘ఫారంలో పడిపోవడానికి గడి లేదక్కా. పడుకోవడానికే ఉంది.’’

‘‘అయితే ఇప్పుడేం చెయ్యాలి?’’

‘‘నా వీడియో ఉందిగా. అది ఆమోదిస్తే నీ మీద కేసు దానంతటదే పోతుంది.’’

‘‘ల్యాబు మేనేజరు ఫోన్ చేశాడురా. చెయ్యి బాగయ్యేదాకా ఆగుతాం, లైసెన్సు లేకపోతే మాత్రం ఆగలేం అన్నాడు. పద్దెనిమిదేళ్లు చేశాను అక్కడ. నడిచి ఇరవై ఇళ్లు తిరగలేను కదరా.’’ ఆ మాట ఏడుస్తూ అనలేదు. బజారు నుంచి ఏం తేవాలో చెప్పినట్టు చెప్పింది.

మర్నాడు సంస్థ ఆఫీసుకు వెళ్లాను. సాక్ష్య స్వీకరణ విభాగంలో తేదీలు సరిచూడటానికే ఒక గుమాస్తా ఉన్నాడు. బల్ల మీద రెండు క్యాలెండర్లు, వాటిలో ఒకటి పన్నెండేళ్ల కిందటిది. అదే ఎక్కువ నలిగిపోయి ఉంది.

‘‘ఎప్పుడు జరిగిందండీ?’’ అన్నాడు.

‘‘పోయిన మంగళవారం.’’

‘‘వీడియోలో జనవరి ఒకటి అని ఉంది. పన్నెండేళ్ల కిందటిది. టైము అర్ధరాత్రి దాటి ఏడు నిమిషాలు.’’

‘‘ఎండ కనబడుతోంది కదండీ అందులో?’’

‘‘కనబడుతోంది. అర్ధరాత్రి ఎండ ఎందుకు కాసిందనేది మా విభాగం చూడదు సార్.’’

‘‘అది కెమెరా తప్పండీ. బ్యాటరీ ఊడింది. ఇదిగో చూడండి, మా అక్క స్కూటరు కాగితాలు. కొని నాలుగేళ్లయింది. పన్నెండేళ్ల కిందట ఈ స్కూటరే లేదు.’’

అతను కాగితాలు శ్రద్ధగా చూశాడు. ‘‘లేదు కదా?’’

‘‘లేదు.’’

‘‘అంటే లేని స్కూటర్ని గుద్దారని ఫిర్యాదు పెట్టారు మీరు.’’ వెటకారంగా అనలేదు. నా మంచి కోరే గొంతుతోనే అన్నాడు. ‘‘ఇది బయటికి చెప్పకండి సార్. తప్పుడు సాక్ష్యం కింద వస్తుంది. మీ అరవై ఒకటీ పోతాయి.’’

‘‘తేదీ మార్చుకునే ఫారం లేదా?’’

‘‘ఎందుకు లేదు, పద్నాలుగు పేజీలు ఉంది. చివర్లో మాత్రం ఎదుటిపక్షం సంతకం ఉండాలి. తేదీ తప్పు, సంఘటన నిజం అని వాళ్లు ఒప్పుకోవాలి.’’

‘‘గుద్దినవాడు వచ్చి గుద్దానని ఎందుకు సంతకం పెడతాడయ్యా?’’

‘‘అది మీరూ మీరూ చూసుకోవాలి సార్’’ అన్నాడు. తర్వాత నా వెనకున్న ఆయనను పిలిచాడు. ఆయనదీ జనవరి ఒకటే.

చేసేదేముంది? ఉన్న తేదీతోనే ఫిర్యాదు ఉంచేసి వచ్చాను. ఇక్కడే మన వ్యవస్థ గొప్పతనం బయటపడింది. మనుషులు వదిలేసిన పనిని కంప్యూటర్ వదలదు. అది నా వీడియోలో నెంబరు ప్లేటు చదివింది. కారు నడిపిన అబ్బాయి వయసు చూసింది. ఇప్పుడు ఇరవై మూడు. వీడియో తేదీ నాటికి లెక్క కట్టింది. పదకొండు. పదకొండేళ్ల పిల్లవాడు అర్ధరాత్రి కారు నడిపి మనిషిని గుద్దాడని నిర్ధారించి, వాళ్ల నాన్నకు నోటీసు పంపింది. మైనరు చేతికి బండి ఇచ్చిన సంరక్షకుడి లైసెన్సు పదేళ్లు రద్దు. అతని పేరున ఉన్న వాహనాలన్నీ అన్నాళ్లూ షెడ్డులోంచి కదలకూడదు.

ఆ తండ్రికి టైల్స్ షాపుంది. సరుకు మోసే వ్యాన్లు నాలుగున్నాయి. నోటీసు అందిన గంటలో మా డ్రైవింగ్ స్కూలుకు వచ్చేశాడు, చేతిలో ఫోటో ఆల్బం.

‘‘మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను. పదకొండేళ్లకి మావాడు కారేంటండీ? సైకిలు కూడా తొక్కేవాడు కాదు. ఇదిగో చూడండి, అయిదో క్లాసులో దిగిన ఫోటో. ఈ మొహం కారు నడిపే మొహంలా ఉందా?’’

ఫోటోలో ముందు పళ్లు రెండు లేవు. ‘‘లేదండీ. ఆ అనుమానం నాకెప్పుడూ లేదు’’ అన్నాను.

‘‘గుద్దింది పోయిన నెల మంగళవారమండీ! కారు కొన్నదే నిరుడు. నేను సంతకం పెడతాను, కావాలంటే స్టాంపు కాగితం మీద రాసిస్తాను. గుద్దింది మావాడే. ఇరవై మూడేళ్లవాడు, మేజరు, డిగ్రీ పాసయ్యాడు, తెలిసే రాంగ్ రూట్లో వచ్చాడు, రోజూ అలాగే వస్తాడు. వీధిలో ఎవర్నైనా అడగండి!’’

కన్నకొడుకు మీద ఇంత గట్టిగా సాక్ష్యం చెప్పిన తండ్రిని నేను చూడలేదు. పద్నాలుగు పేజీలూ ఆయనే నింపాడు. మర్నాడు కొడుకునూ చెవి పట్టుకుని తెచ్చి సంతకం చేయించాడు. అక్కకు ఫోన్ చేసి చెబితే చాలా రోజుల తర్వాత నవ్వింది. ‘‘నీ కెమెరా మంచిదేరా, తేదీ సరిచెయ్యకపోవడమే మేలయింది’’ అంది.

విచారణకు తేదీ ఇచ్చారు. (ఈ ఏడాదిదే.) ఆ కాగితం కింద సన్నని అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ‘తేదీ సవరించిన సాక్ష్యమును ముప్పై సెకండ్లు గాక, ఆదినుండి తుదివరకు, శబ్దముతో సహా, ఉభయపక్షముల సమక్షమున ప్రదర్శింపవలెను.’

శబ్దంతో సహా. యాప్‌లో బొమ్మే తప్ప మాట వినబడదు కాబట్టి, ఆ కెమెరాకు చెవులు కూడా ఉంటాయన్న సంగతి నాకు ఎప్పుడూ తట్టలేదు. ఏడో పేజీలో ఉందట.

స్కూలు షెడ్డులో కారు తలుపులు వేసుకుని, ఆ వీడియో మొదటి నుంచి చివరి దాకా విన్నాను. ఒకసారే విన్నాను. రెండోసారి వినే ధైర్యం లేకపోయింది. తిన్నగా తేదీల గుమాస్తా దగ్గరికి వెళ్లాను.

‘‘శబ్దం తీసేసి ఇవ్వొచ్చా?’’

‘‘సాక్ష్యం చెరిపినట్టవుతుంది సార్.’’

‘‘పోనీ, ఫిర్యాదే వెనక్కి తీసుకోవాలంటే ఎన్ని పేజీలుంటుంది?’’

అతని ముఖం వెలిగిపోయింది. ‘‘దానికి ఫారమే లేదు సార్. నోటిమాట చాలు. అనేయండి, నేను కొట్టేస్తాను.’’ పెన్ను టోపీ కూడా తీశాడు.

ఒక్క మాట. ఆ మాట అంటే నా పరువు దక్కుతుంది, అక్క పని పోతుంది. అనకపోతే అక్క పని దక్కుతుంది. అక్కడ నిలబడి చాలాసేపు ఆలోచించానని చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ ఆలోచించాను. మొన్న బావ చెప్పిన సంగతి గుర్తుకొచ్చింది. అక్క ఇప్పటికీ అయిదింటికి లేస్తోందట. ఒంటిచేత్తో తల దువ్వుకుని, తయారై, ఆరింటికి వరండాలో కుర్చీ వేసుకుని కూర్చుంటోందట. ఎక్కడికీ వెళ్లదు. పదింటికి లేచి లోపలికి వస్తుందట.

‘‘వద్దులెండి, ఉంచండి’’ అన్నాను. అతను పెన్నుకు టోపీ పెట్టేసి, చేతికొచ్చిన పని చేజారినట్టు చూశాడు.

విచారణ గదిలో పొడవాటి బల్ల, గోడకు తెర, ఇరవై కుర్చీలు. మధ్యలో మర్యాదల అధికారి, పక్కన గణాంకాల అధికారి. ఒక వైపు తండ్రీ కొడుకులు. మరో వైపు నేను, నా పక్కన అక్క, కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని. టీచరుగారిని కూడా పిలిచాను గానీ రాలేదు. ఆ మంగళవారం తర్వాత ఆవిడ క్లాసుకే రాలేదు. డబ్బు కట్టిన క్లాసులు ఇంకా ఎనిమిది ఉన్నాయి.

మొదట గణాంకాల అధికారి లేచారు. ఒక్క వీడియో తేదీ తప్పని ఒప్పుకుంటే నలభై ఒక్క వేలూ తప్పని ఒప్పుకోవాల్సి వస్తుందనీ, అప్పుడు ప్రజల క్రమశిక్షణ రాత్రికి రాత్రి నూటికి తొంభై అయిదు పాళ్లు పడిపోతుందనీ, అందుకు బాధ్యులెవరనీ అడిగారు. శాలువా గురించి ఎత్తలేదు గానీ గొంతులో అదే ఉంది. మర్యాదల అధికారి అరగంట ఆలోచించి, ఈ ఒక్క వీడియో మాత్రమే ఈ ఏడాదిదనీ, మిగతావన్నీ పన్నెండేళ్ల కిందటివేననీ తీర్పు చెప్పారు. గణాంకాల అధికారి ఊపిరి పీల్చుకుని కూర్చున్నారు. దీపాలార్పి వీడియో వేశారు.

తెల్ల కారు వచ్చింది, తగిలింది, అక్క పడింది. తండ్రి ‘‘చూశారా, మేజరే’’ అన్నాడు. ఆ తర్వాత గదిలో గొంతులు వినిపించాయి.

‘‘అయ్యో, ఎవరో పడిపోయారండీ! దిగుదాం మాస్టారూ.’’ అది టీచరుగారు.

‘‘దిగకండి, దిగకండి. మనం కనబడితే వీడియో చెల్లదు. కదలకండి, కారు ఊగుతుంది.’’ అది నేను.

‘‘నెత్తురొస్తోందండీ ఆవిడకి.’’

‘‘చూస్తున్నాను కదండీ. వెనక పది కార్లున్నాయి, ఎవరో ఒకరు దిగుతార్లెండి. నెంబరు ప్లేటు చూశారా, భలే పడింది.’’

తెర మీద అక్క కుడిచెయ్యి లేచింది. ఎవరినో పిలుస్తున్నట్టు రెండుసార్లు ఊపింది. పడిపోయింది.

‘‘మాస్టారూ, రెండు నిమిషాలైంది.’’

‘‘కాసేపు ఓపిక పట్టండి టీచరుగారూ. ఇది అరవై రెండోది నాకు.’’

‘‘మూడున్నరైంది. నేను దిగుతున్నానండీ.’’

‘‘మీ వైపు తలుపు తియ్యకండి, చెబితే వినరేం! అబ్బా, ఎవడండీ ఈ సైకిలాయన? సరిగ్గా మధ్యలోకొచ్చి అడ్డం నిలబడ్డాడు.’’

హెల్మెటు ఊడింది. ‘‘అక్కా!’’ అన్న కేక, తలుపు చప్పుడు. వీడియో ఆగిపోయింది. దీపాలు వేశారు.

నేను గోడ చూశాను. ఆ గోడకు లేత ఆకుపచ్చ రంగు వేశారు, కింద ఒక చోట పెచ్చు లేచింది. అక్క వైపు చూడలేకపోయాను. తప్పు చేసిన పిల్లాడు అమ్మ వైపు చూడలేనట్టు. యాభై ఏళ్లవాణ్ని నేను.

‘‘అమ్మా,’’ అన్నారు మర్యాదల అధికారి, ‘‘అయితే మీరు రోడ్డు మీద పడుకోలేదు, పడిపోయారు. అంతేనా?’’

‘‘అంతేనండీ’’ అంది అక్క.

‘‘ఆ మాట మొదటే చెప్పాల్సింది.’’ అని లైసెన్సు తిరిగి ఇచ్చేశారు. తెల్లకారు అబ్బాయికి మందలింపుతో సరిపెట్టారు. అతని పేరున రెండు వందల పన్నెండు వీడియోలున్నాయనీ, మహాసాక్షులకు ఏడాదికొక తప్పు మినహాయింపు ఉందనీ అప్పుడే తెలిసింది. తండ్రి కొడుకు భుజం తట్టాడు.

నేను లేవబోతుంటే కూర్చోమన్నారు. మర్యాదల అధికారి గొంతు సవరించుకుని, అప్పటికప్పుడు రాయించిన కాగితం చదివారు. ‘సొంత తోబుట్టువు నెత్తుటిలో పడియున్ననూ చలింపక, రక్తసంబంధమును లెక్కసేయక, నాలుగు నిమిషముల పది సెకండ్లపాటు వాహనము దిగక, తోటివారిని సైతము దిగనీయక, నిబంధన తొమ్మిది (గ)ను అక్షరాలా పాటించిన ఈ సాక్షి, సాక్షులందరికీ ఆదర్శము.’

‘‘అప్పటికి అక్కని తెలియదండీ నాకు’’ అన్నాను. ‘‘ఎవరో అనుకున్నాను.’’

‘‘ఈ వినయమే కావాలి’’ అని ఆ ప్రశంసాపత్రం నా చేతిలో పెట్టారాయన. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క ఒంటి చెయ్యి ఖాళీగా లేదు, అందులో లైసెన్సు ఉంది.

తిరుగు దారిలో అక్క వెనక సీట్లో కూర్చుంది. ల్యాబుకు ఫోన్ చేసింది. ‘‘వచ్చేసిందండీ లైసెన్సు. కట్టు విప్పగానే వస్తాను. ఆ చివరింటి తాతగారికి చెప్పండి, ఇంకెవరి చేతా పొడిపించుకోవద్దని’’ అని నవ్వింది. ఫోన్ పెట్టేశాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఏదో ఒకటి అనాలని నాలుగైదుసార్లు నోరు తెరిచాను. ప్రతిసారీ సిగ్నల్ పడింది.

ఇంటి ముందు ఆపాను. ఆవిడ చేతిలో ఫైలు, మందుల సంచి, లైసెన్సు. గేటు గడియ గట్టిది, ఒంటిచేత్తో రాదు. నేను తలుపు మీద చెయ్యి వేశాను.

‘‘వద్దులేరా,’’ అంది అక్క, కోపం లేకుండానే. ‘‘నువ్వు దిగకు.’’

సంచి నేల మీద పెట్టి, మోచేత్తో గడియ పైకి నెట్టడం మొదలుపెట్టింది. దిగితే ఒళ్లో ఉన్న ప్రశంసాపత్రం నలుగుతుందని నేనూ దిగలేదు.